'రత్నాంగి మూడో పెళ్ళి' ఎవరు చదివారు?

కొండపూడి రాజు పెదవీరపగారికి, తిన్నది అరగని రోజున చట్టాలు చేసే అలవాటు ఉండేది. అలాంటి ఒక మధ్యాహ్నం పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది. వంటవాణ్ణి పిలిచి అడిగితే వాడు కళ్ళు తుడుచుకుంటూ, "రత్నాంగి కష్టాలు తలుచుకుంటూ ఉప్పు వేశానో లేదో మరిచిపోయాను దొరా" అన్నాడు.

రత్నాంగి అంటే వాడి పెళ్ళాం కాదు, మరదలూ కాదు. సాలెవీధి నాంచారమ్మ తాటాకుల మీద రాసిన 'రత్నాంగి మూడో పెళ్ళి' అనే కథలో నాయిక. ఆ ఏడు ఎవరింటికి వెళ్ళినా మంచినీళ్ళ కంటే ముందు రత్నాంగి కబుర్లే ఇచ్చేవారు.

రాజుగారు మజ్జిగ తాగి ఆజ్ఞ ఇచ్చారు.

"మన సర్వజ్ఞశర్మ ఆ పుస్తకం చదివి, వచ్చే వారం సభలో అభిప్రాయం చెబుతాడు. చెడ్డదంటే ప్రతులన్నీ పొయ్యిలోకి, నాంచారమ్మ గంటం కోటలోకి. ఇక ఆవిడ జన్మలో రాయడానికి వీల్లేదు."

సర్వజ్ఞశర్మ ఆస్థాన విమర్శకుడు. ఆయన మీద నాకేమీ కోపం లేదు. పుస్తకం చేతికిస్తే పాపం బరువు చూసేవాడు. బరువుగా ఉంటే గంభీరం, తేలికగా ఉంటే చౌకబారు. జనం ఎగబడి చదువుతున్నారని తెలిస్తే మాత్రం ఆ బరువు చూసే శ్రమ కూడా ఉండేది కాదు.

పుస్తకం పొయ్యిపాలవుతుందని తెలియగానే దానికి గిరాకీ పెరిగింది. నాంచారమ్మ పెరటి గుమ్మం దగ్గర తలకు ఉత్తరీయాలు కప్పుకున్న పెద్దమనుషులు బారులు తీరారు. "మా ఆవిడ కోసం" అన్నాడు ఒకాయన. ఆయన బ్రహ్మచారి. ముసుగు లేకుండా వెళ్ళినవాడు ఆస్థాన హాస్యగాడు ఎల్లంభట్టు ఒక్కడే.

సభ రోజు రానే వచ్చింది. నాంచారమ్మ తన గంటాన్ని కొంగులో చుట్టుకుని ఒక స్తంభం పక్కన నిలబడింది.

శర్మ లేచి గొంతు సవరించుకున్నాడు.

"ప్రభూ! చదివాను. ఆకు వదలకుండా రెండుసార్లు చదివాను. రసం లేదు, ఔచిత్యం అసలే లేదు. కట్టుకున్న మొగుణ్ణి వదిలేసి పోయిన ఆడదాని కథ!"

నాంచారమ్మ ఆగలేకపోయింది. "వదిలేసింది రత్నాంగి కాదండీ, మొగుడే. మొదటి ఆకులోనే పారిపోతాడు."

"అది నీకెలా తెలుసు?"

"రాసింది నేనే కదండీ!"

"రాసినవాళ్ళకు తెలిసేది కొంతేనమ్మా" అన్నాడు శర్మ జాలిగా. "మిగతాది విమర్శకుడికి తెలుస్తుంది."

సభలో సగం మందికి ఆ మొగుడు ఎలా పారిపోయాడో, ఏ గుర్రమెక్కి పారిపోయాడో కూడా తెలుసు. కానీ తెలుసని చెబితే చదివినట్టు ఒప్పుకోవాలి. అందుకని అందరూ పైకప్పు వైపు చూశారు.

అప్పుడు ఎల్లంభట్టు ముందుకొచ్చాడు. "మంత్రిగారూ, తమరు ఈ పుస్తకం చదివారా?"

"శివశివా! ముట్టుకోనైనా లేదు."

"సేనాపతిగారూ?"

"నేనా? కథలా? కత్తి తప్ప ఇంకోటి పట్టనయ్యా ఈ చేత్తో!"

"అలాగైతే ప్రభూ, ఒక్కసారి అందరినీ చేతులు చాపమనండి."

రాజుగారు ఊఁ అన్నారు. సభలో అందరూ చేతులు చాచారు. మంత్రిగారి వేళ్ళు నల్లగా ఉన్నాయి. సేనాపతిగారివి మరీ నల్లగా ఉన్నాయి. రాజగురువుగారు ఏ ఘట్టంలోనో నుదురు పట్టుకున్నట్టున్నారు, విభూతి పక్కన అడ్డంగా ఇంకో నల్లచార ఉంది. శర్మ చేతులు మాత్రం అప్పుడే విరిసిన మల్లెల్లా ఉన్నాయి. ఆయన వాటిని కాస్త గర్వంగానే చాచాడు.

"ఏమిటయ్యా ఇది?" అన్నారు రాజుగారు.

"గంటంతో గీసిన అక్షరం కంటికి ఆనాలంటే ఆకుకు మసీ ఆముదమూ కలిపి పూయాలి ప్రభూ. పూశాక తవుడుతో తుడిచి ఇస్తారు. ఈ వారం ఇచ్చిన ప్రతులను తుడవొద్దని నాంచారమ్మకు నేనే చెప్పాను. శర్మగారికి ఇచ్చింది కూడా అలాంటిదే. ఒక్క ఆకు తిప్పినా వేళ్ళు నల్లబడక తప్పదు."

శర్మ గతుక్కుమన్నాడు. "నేను... నేను చదివాక చేతులు కడుక్కున్నాను!"

"అబద్ధం!" అని సేనాపతి గర్జించాడు. "చింతపండుతో నిన్నటినుంచీ తోముతున్నా. పోతేనా!"

అన్నాక గానీ తానేమన్నాడో ఆయనకు తెలియలేదు.

ఎల్లంభట్టు వినయంగా వంగాడు.

"చదివానన్నవారి చేతులు తెల్లగా ఉన్నాయి ప్రభూ, ముట్టలేదన్నవారివి నల్లగా ఉన్నాయి. ఇక అభిప్రాయం ఎవరినడగాలో తమ చిత్తం!"

సభ గొల్లుమంది. రాజుగారు శాలువా నిండుగా కప్పుకునే, సింహాసనం కదిలేలా నవ్వారు.

"నాంచారమ్మా, గంటం నీ దగ్గరే ఉంచుకో. దానికి బంగారు పిడి వేయించి ఇస్తాం. శర్మా, రేపటినుంచి నువ్వే ఈ కథ మొదటి ఆకునుంచి సభలో చదివి వినిపించు. నీ చేతులూ మా అందరి చేతుల్లో కలుస్తాయి. ఎల్లంభట్టూ, ఇలా రా!"

అంటూ మెడలోని ముత్యాలహారం తీసి ఎల్లంభట్టు మెడలో వేశారు. తెల్లటి ముత్యాల మీద పది నల్లటి వేలిముద్రలు పడ్డాయి.

సభంతా ఆ ముద్రల వైపు, ఆ తర్వాత రాజుగారి వేళ్ళ వైపు చూసింది.

"ఏమిటా చూపులు? ఒక పుస్తకం చెడ్డదో కాదో పాలించేవాడు తెలుసుకోవద్దా?"

"ఎంతదాకా తెలుసుకున్నారు ప్రభూ?" అన్నాడు ఎల్లంభట్టు.

"రెండో పెళ్ళికొడుకు గోడ దూకేదాకా! ఆ తర్వాతేమైందో ఎవడైనా నోరు జారాడో, కొరత వేయిస్తాను!"