నాలుగు గవ్వల ఒడంబడిక

పూర్వం కృతయుగం అలసిపోయి త్రేతాయుగానికి చోటిస్తున్న రోజుల్లో, శ్వేతగిరి పాదాన సుకేతనుడనే మహారాజు, ధర్మం తప్పకుండా, కంటికి నిద్ర మాత్రం తప్పి, రాజ్యం చేస్తూ ఉండేవాడు. నిద్ర ఎందుకు తప్పిందంటారా? ఆ కొండమీది ఊటకు నీలకర్ణుడనే యక్షుడు కావలి. అతడితో రాజుగారి ముత్తాత ఒక ఒడంబడిక చేసుకుని పోయాడు. వంశం నిలిచినంతకాలం ప్రతి ఉదయం రాజు నాలుగు గవ్వలు వేయాలి. నాలుగూ వెల్లకిలా పడితే యక్షుడు పది గడియలు ఊట వదలాలి, లేకుంటే రాజు తన చెరువు నీటిని ఒక గడియ యక్షుని తోటకు పారించాలి.

ఒకటికి పది కదా అని మురిసిన ముత్తాత స్వర్గానికి పోయాడు. చెరువు మాత్రం తరతరానికీ తగ్గుతూ వచ్చి దూడలు తాగే మడుగంత మిగిలింది.

ఆ సమయాన తీర్థాలు తిరిగి తిరిగి పాదాలరిగిన దీర్ఘశ్రమ మహర్షి రాగా, రాజు ఆయన కాళ్లపై ఉద్ధరిణెడు నీళ్లు పోసి, సిగ్గుతో తలవంచుకున్నాడు.

"మహాత్మా! నలభై దినాలుగా నాలుగూ పడలేదు. ఇన్నాళ్లూ పడలేదు కనుక రేపు పడక తప్పదు. యక్షుణ్ణి ఒప్పించి మిగిలిన మడుగంతా రేపే ఒడ్డేస్తాను."

"పిచ్చి నాయనా! నిన్న బోర్లా పడ్డానని గవ్వకు జ్ఞాపకముంటుందా? దానికి కడుపే గాని బుర్ర ఏదీ?" అని మహర్షి నిట్టూర్చి, నేలపై గీతలు గీస్తూ, "ఒక గవ్వ పడే తీర్లు రెండు, రెండింటివి నాలుగు, మూడింటివి ఎనిమిది, నాలుగింటివి పదహారు. అందులో నీకు కావలసింది ఒక్కటే. పదహారు ఉదయాలకు సగటున ఒకసారి గెలిచి పది గడియలు తెచ్చుకుంటావు, పదిహేను పోగొట్టుకుంటావు. యక్షుడు మోసగాడు కాడు. మీ ముత్తాత గెలుపు ఎంతో చూశాడు, ఎన్నాళ్లకోసారో చూడలేదు" అన్నాడు.

ఇద్దరూ కొండెక్కి ఆ మాటే విన్నవించగా, నీలకర్ణుడు నీరసంగా నవ్వి, "గెలిచి గెలిచి నాకూ విసుగెత్తింది రాజా! నీళ్లెక్కువై తోట వేళ్లు కుళ్లుతున్నాయి. వరమడుగు. రేపు నాలుగూ వెల్లకిలా పడేట్టు చేయనా?" అన్నాడు.

కింద దూడలు దాహంతో అరుస్తున్నాయి. రాజు చాలాసేపు విని, "వద్దు స్వామీ! రేపు గట్టెక్కుతాం, ఎల్లుండి మళ్లీ పాతదే. పదిని పదిహేను చేయండి" అని చేతులు జోడించాడు.

యక్షుడు తథాస్తు అని, తరతరాలుగా అదనంగా చేరిన నీటినంతా చెరువుకు తిరిగి వదిలాడు.

మర్నాటి ఉదయం మూడు గవ్వలు వెల్లకిలా పడ్డాయి, ఒకటి బోర్లా పడింది. గడియ నీళ్లు తోటకు పారుతుంటే చూస్తూ, సుకేతనుడు ఆ గట్టుమీదే ఒరిగి సాయంత్రందాకా నిద్రపోయాడు.

ఈ కథ విన్నవారికి కోరిన పందెం పడుతుందని నేననను నాయనా; పడనినాడు కూడా కంటికి నిద్ర పడుతుంది.