గవరమ్మ గంపకి లొంగని బాతు

ఇటు తిరిగి పడుకో అమ్మడూ. ఆ కాళ్ళు దుప్పట్లో పెట్టు. ఊఁ కొడుతూ ఉండాలి. మధ్యలో ప్రశ్నలు వేశావంటే కథ అక్కడే ఆపేస్తాను, నా సంగతి నీకు తెలుసుగా.

అనగనగనగా, మరీ అంత దూరమేం కాదులే, కాలవ అవతల ఒక ఊళ్ళో గవరమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడకి ఊళ్ళో పెద్ద పేరు. దేనికంటావా, కోళ్ళని పొదిగించడానికి. ఎవరింట్లో కోడి పొదగడానికి కూచున్నా గవరమ్మకే కబురు. ఆవిడ వచ్చి, గంపలో ఊక పోసి, ఆ ఊకలో ఒక ఇనప మేకూ, ఒక బొగ్గుముక్కా దాచి, ఒక్కో గుడ్డునీ ఎండకేసి చూసి సర్దేది. మేకెందుకంటే, ఉరుములకి గుడ్లు చెడిపోకుండానట. చెడతాయో చెడవో నాకు తెలీదు. గవరమ్మ మాత్రం మేకు లేందే కోడిని కూచోనిచ్చేది కాదు.

ఆ గవరమ్మకి కోడలొచ్చింది. పేరు వరాలు. కొడుకు సంగతి మనకెందుకు, పొద్దున్నే పోతాడు, సాయంత్రం వస్తాడు. ఈ కథలో వాడికి పనేం లేదు.

వరాలు వాళ్ళ నాన్న బాతుల్ని మేపేవాడు. కోతలయ్యాక మందని తోలుకుంటూ ఊరూరా చేలల్లో తిరిగేవాడు. కూతుర్ని కాపురానికి పంపేటప్పుడు బుట్టలో ఒక ఆడ బాతునీ, ఒక మగ బాతునీ పెట్టి ఇచ్చాడు. ఆ తర్వాత ఏదో రోగమొచ్చి ఆయన మంద మొత్తం పోయింది. వాళ్ళ బాతుల్లో ఇక మిగిలినవి ఈ రెండే. అందుకే వరాలుకి వాటిమీద అంత ప్రాణం.

గవరమ్మకి బాతులంటే పడేది కాదు. "కోడైతే ఒక పద్ధతీ పాడూ ఉంటుంది. ఇదేమిటే, నడిచినచోటల్లా బురద" అని సణిగేది. సణిగితే సణిగింది గానీ, దొడ్లో పొద్దున్నే బాతు గుడ్డు దొరికితే మాత్రం అట్టు వేసుకునేది.

అలా ఉండగా, గుడ్లు దొరకడం మానేశాయి. "నీ బాతుకి గుడ్లు అయిపోయినట్టున్నాయే" అంది గవరమ్మ. ఆ తర్వాత కొన్నాళ్ళకి ఊరకుక్క ఒకటి దొడ్లో దూరి మగ బాతుని ఎత్తుకుపోయింది. మర్నాడు చూస్తే ఆడ బాతు కూడా లేదు.

వరాలు అన్నం ముట్టలేదు. దొడ్డంతా వెతికింది. అరటి బోదెల మధ్య చూసింది, గడ్డివాము చుట్టూ చూసింది. అప్పుడు పిడకల దొంతర వెనక, కంద ఆకుల కింద, బాతు ముక్కు కనిపించింది. కదలకుండా కూచునుంది. దాని కింద గుడ్లు. రోజుకొకటి చొప్పున అక్కడ దాచుకుందన్నమాట, ఆ దొంగ మొహంది.

"ఉందండీ అత్తయ్యా! బతికే ఉందండీ! పొదుగుతోంది!" అని అరిచింది వరాలు.

గవరమ్మ వచ్చి చూసింది. "బాతు పొదగడమేమిటే పిచ్చిదానా? అవి ఎక్కడ పడితే అక్కడ గుడ్డు పెట్టేసి పోయే రకం. మీ నాన్న మందలో ఏదైనా పొదగ్గా చూశావా?"

"లేదండీ. నాన్న పిల్లల్ని కొనుక్కొచ్చేవాడండీ" అంది వరాలు.

"మరింకేం! కోడి కింద పెడదామంటే ఇప్పుడు ఏ కోడీ కూచునేలా లేదు."

వరాలుకి కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. మగ బాతు పోయింది కదా అమ్మడూ, ఇక మీదట ఈ బాతు పెట్టే గుడ్లు కూరకి పనికొస్తాయి గానీ పిల్లలవవు. ఇవి మగ బాతు ఉండగా పెట్టినవి. ఇవి పిల్లలైతేనే నాన్న బాతులు మిగులుతాయి. లేకపోతే ఆ వంశం అంతటితో సరి.

కోడలి ఏడుపు చూసి గవరమ్మ మెత్తబడింది. "సరే, కూచోనీ. కానీ నేను చెప్పినట్టు జరగాలి" అంది. చెప్పినట్టు ఎవరు వినాలో మాత్రం చెప్పలేదు. వరాలు వింది. బాతు వినలేదు.

మొదట ఏమైందంటే, బాతు మేతకి లేచినప్పుడు గవరమ్మ గూడు చూసింది. గూటి నిండా ఈకలు. గుడ్లు కూడా కనపడకుండా మెత్తటి ఈకలు కప్పి ఉన్నాయి. బాతు పొట్ట చూస్తే బోసిగా ఉంది. "పేలు పట్టాయే దీనికి! ఈకలన్నీ రాలిపోతున్నాయి" అని గవరమ్మ ఆ ఈకలన్నీ ఊడ్చిపారేసి, ఊక పోసి, మేకూ బొగ్గూ పెట్టింది. బాతు వచ్చింది. చూసింది. ముక్కుతో ఊకంతా బయటికి నెట్టింది. మేకుని కూడా నెట్టేసింది. అప్పుడు కూచుని, తన పొట్టమీద మిగిలిన ఈకలు పీక్కుని మళ్ళీ గుడ్ల చుట్టూ పేర్చుకుంది. పేలూ లేవు, పాడూ లేవు. పిల్లల కోసం పరుపు వేసుకుంటోంది అది.

ఆ తర్వాత ఇంకొకటి. ఆ బాతు రోజూ ఒకసారి లేచి, నూతి దగ్గర గుంటలో మునిగి, నీళ్ళు కారుతూ వచ్చి అలాగే గుడ్లమీద కూచునేది. గవరమ్మ గుండె గుభేలుమంది. కోడిగుడ్డుకి చెమ్మ తగిలితే మురిగిపోతుందని ఆవిడ నమ్మకం. గుడ్లన్నీ చీరచెంగుతో తుడిచి, బాతుని కూచోబెట్టి, దాని మీద కోళ్ళ గంప బోర్లించింది. తాగడానికి చిప్పలో నీళ్ళు పెట్టింది. బాతు ఊరుకుంటుందా? గంపలో గుడ్లు వదిలేసి నిలబడి ఒకటే గోల. పక్కింటివాళ్ళు వచ్చి ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని అడిగిపోయారు. మధ్యాహ్నానికి గవరమ్మకి తల తిరిగింది. "పోవే తల్లీ, పో! మురగబెట్టుకో, నీ ఖర్మ!" అని గంప తీసేసింది. బాతు తిన్నగా గుంటకి పోయి మునిగింది. తడి పొట్టతో వచ్చి గుడ్లమీద కూచుంది. నోరు మూసుకుంది.

నిద్రొస్తోందా? ఇంకొంచెమే. ఊఁ కొట్టు.

అప్పుడు గవరమ్మ లెక్కపెట్టుకుంటున్న రోజు రానే వచ్చింది. కోడైతే ఆ రోజుకి పిల్లల్ని దింపేస్తుంది. ఆవిడ చెవి పెట్టి విన్నది. చప్పుడు లేదు. మర్నాడు విన్నది. లేదు. ఆ తర్వాత రోజు కూడా విని, చేట పట్టుకొచ్చింది.

"మురిగిపోయాయే వరాలూ. నేను ముందే చెప్పాను. ఈ ఎండకి పేలాయంటే ఇంట్లో ఉండలేం."

వరాలు ఎప్పుడూ అత్తగారికి ఎదురుచెప్పిన పిల్ల కాదు. ఆ రోజు చెప్పింది. "అది ఇంకా కూచునే ఉంది కదండీ. చెడిపోతే అదే లేచి పోదాండీ?"

"నేను దింపించినన్ని కోడిపిల్లల్ని నువ్వు కళ్ళతో చూసి ఉండవు. నాకు చెప్పొచ్చావా?" అని గవరమ్మ బాతు ముక్కుతో పొడుస్తున్నా లెక్కచెయ్యకుండా గుడ్లు చేటలోకి తీసింది. పెంటకుప్ప దగ్గరికి నడిచింది. వెనకాల బాతు. దాని వెనకాల వరాలు. గవరమ్మ ఒక గుడ్డు తీసి కుప్పమీదికి విసిరింది.

అది పగిలింది. కంపు రాలేదు. లోపల బాతుపిల్ల ఉంది. కళ్ళు మూసుకునే ఉంది. కాలు ఒకసారి కదిలింది, అంతే.

గవరమ్మ అక్కడే కూలబడింది. చేట ఒళ్ళో పెట్టుకుంది. ఇన్నేళ్ళలో ఆవిడ చేతిలో ఒక్క పిల్ల పోలేదు. బాతు వచ్చి చేట పక్కన నిలబడి గుడ్లకేసి చూసింది.

"చంపేశానే" అంది గవరమ్మ చివరికి. "వరాలూ, నువ్వు చెబుతూనే ఉన్నావు."

వరాలు ఏడుస్తోంది. ఏడుస్తూనే అత్తగారి ఒళ్ళోంచి చేట తీసుకుంది. "పదండి అత్తయ్యా. మిగతావి చల్లబడిపోతాయి" అంది. అంతకుమించి ఒక్క మాట అనలేదు. అనుంటే గవరమ్మకి కాస్త తేలిగ్గా ఉండేదేమో.

ఇద్దరూ గుడ్లు తీసుకెళ్ళి ఈకల్లో పెట్టారు. బాతు ముక్కుతో ఒక్కొక్కటీ సర్దుకుని కూచుంది. పోయిన పిల్లని గవరమ్మే అరటిచెట్టు మొదట్లో పాతిపెట్టింది. ఆ తర్వాత ఆవిడ గూటి జోలికి పోలేదు. నూతి దగ్గర గుంట ఎండిపోకుండా రోజూ రెండు బిందెలు తోడి పోసేది. అడిగితే, "మొక్కలకి" అనేది. అక్కడ మొక్కలేం లేవు.

కోడి గడువు దాటిపోయిన వారానికి గూట్లో టిక్కు టిక్కుమని చప్పుడు మొదలైంది. ఒక రోజంతా టిక్కు టిక్కు. మర్నాడు పొద్దున వరాలు చూసేసరికి బాతు పొట్టకింద నుంచి పచ్చటి ముక్కొకటి, నల్లటి ముక్కొకటి, ఇంకో పచ్చటి ముక్కూ. మొత్తం తొమ్మిది పిల్లలు. ఒక్క గుడ్డు మాత్రం నిజంగానే మురిగిపోయింది. దాన్ని బాతే గూట్లోంచి బయటికి దొర్లించేసింది.

వరాలు నాన్నకి కబురు పంపింది. ఆయన రాకముందే, రెండో రోజు పొద్దున్నే, బాతు లేచి పిల్లల్ని వెంటేసుకుని దొడ్డి దాటి, చేలకి నీళ్ళు పారే పంట బోదె వైపు నడిచింది. గవరమ్మ చూసింది.

"వరాలూ! అవి నీళ్ళలోకి పోతున్నాయే! నిన్నగాక మొన్న పుట్టినవే, మునిగిపోతాయే!" అని చీర ఎత్తి దోపుకుని పరిగెత్తింది. గట్టు దిగింది. మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, మొదటి పిల్ల బుడుంగున దిగబోతుంటే పట్టుకోడానికి రెండు చేతులూ చాపింది.

చాపి, అలాగే ఆగింది. ఒకసారి వెనక్కి తిరిగి వరాలుకేసి చూసింది. వరాలు గట్టుమీద నిలబడి పిల్లల్నే చూస్తోంది. అప్పుడు గవరమ్మ చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని, ఒకదాన్ని ఇంకోటి గట్టిగా పట్టుకుంది.

ఒక పిల్ల దిగింది. ఇంకోటి దిగింది. తొమ్మిదీ దిగాయి. గవరమ్మ కాళ్ళ పక్కనుంచే ఈదుకుంటూ వాళ్ళమ్మ వెనకాల పోయాయి.

కథేమో కంచికి,
బాతులు బోదెకి,
గవరమ్మ గట్టుకి,
గంపేమో మూలకి,
మనమేమో పక్కకి,
కళ్ళేమో కునుక్కి.