అసిరమ్మ వొంపు

అనగా అనగా, తెప్పలకి తెడ్డు తప్ప తెరచాప ఎరగని రోజుల్లో, సముద్రం ఒడ్డున ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో అసిరమ్మ అని ఒకావిడ. చేపలు ఎండబెట్టి బతికేది. మొగుడు ఏనాడో పోయాడు. కొర్లయ్య అని ఒక్కడే కొడుకు, తెప్ప మీద వేటకి వెళ్ళేవాడు. అసిరమ్మకి భయం ఎక్కువ. గాలి వీస్తే భయం, గాలి ఆగితే భయం. ఊరంతా నవ్వేది. ఆవిడా నవ్వేది గాని, భయం మాత్రం పోయేది కాదు.

ఊరికీ సముద్రానికీ మధ్య ఒక ఇసుక దిబ్బ ఉండేది. వలలు చిరుగుతున్నాయని దాని మీది ముళ్ళూ తీగలూ జనం పీకేశారు. పీకిన ఏడాదే సముద్రం నీళ్ళు మొదటి వరస గుడిసెల దాకా వచ్చాయి. రెండో ఏడు రెండో వరస దాకా వచ్చాయి. మూడో ఏడు రాకముందే అసిరమ్మ బుట్ట పట్టుకుని బయల్దేరింది. పక్క ఊళ్ళ దిబ్బల మీంచి బాలబంద తీగ తెచ్చింది, మొగలి పిలకలు తెచ్చింది, ముళ్ళగడ్డి తెచ్చింది, అన్నీ దిబ్బ మీద నాటింది. ఆడవాళ్ళు ముందు వింత చూశారు, తర్వాత తలో చెయ్యీ వేశారు.

రెండు వానాకాలాలకి దిబ్బ పచ్చబడింది. పిలవకుండానే రావలసినవన్నీ వచ్చి చేరాయి. ఊరికి ఏ చుట్టం వచ్చినా సరే, అసిరమ్మ వెంటబెట్టుకుని తోటంతా తిప్పేది.

"ఇదిగో తాబేలు గుడ్లెట్టిన చోటు, తొక్కకండి. ఇదిగో ఎర్ర పీతల పేట, తొక్కకండి. ఇదిగో ఇసుక పిట్ట పిల్లలు, అసలే తొక్కకండి."

తిరిగి వెళ్ళేసరికి చుట్టాలకి కాళ్ళు ఎక్కడ పెట్టాలో తెలిసేది కాదు.

అంతా బాగానే ఉంది, ఒక్క చోట తప్ప. దిబ్బ నడుమ తెప్పలు లాక్కెళ్ళే దారి ఉంది. అది సూటిగా ఉండాలి. ఊరి వెనక మిట్ట మీద గంగమ్మ తల్లి గుడి. తల్లి కళ్ళకి సముద్రం కనబడుతూ ఉంటేనే వేటకి వెళ్ళినవాళ్ళు తిరిగొస్తారని ఆ ఊరి నమ్మకం. అందుకని దారిలో గడ్డిపోచ మొలిచినా పీకేసేవారు. సముద్రం పొంగితే నీళ్ళు వచ్చేదీ ఆ దారినే.

అసిరమ్మ కులపెద్ద ఎల్లాజీ దగ్గరికి వెళ్ళింది.

"అన్నా, దారి కాస్త వొంపు తిప్పి, పాత దారి సందులో మొగలి నాటుదాం."

"తల్లి కళ్ళకి అడ్డం పెడతావేటే?" అన్నాడు ఎల్లాజీ.

పున్నమి పోటుకి గుడిసెల్లో కుండలు తేలాయి. మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ అదే మాట. ఆ తర్వాతి పోటుకి ఒక బాలింత ఇంటి గోడ కూలింది. తల్లినీ బిడ్డనీ వెంట్రుకవాసిలో బయటికి లాగారు. అసిరమ్మ మూడోసారి వెళ్ళింది. ఈసారి ఎల్లాజీ కాదనలేదు. ఆయనకీ భయం పట్టుకుంది.

"తల్లికి కోపమొస్తే ఆ పాపం ఎవులిదే?"

అక్కడున్నవాళ్ళందరూ తలలు దించుకున్నారు.

"నాది," అంది అసిరమ్మ. "నాదే అన్నా. ఇంకెవులిదీ కాదు."

అనడమైతే అంది గాని, ఇంటికి వచ్చేదాకా గుడి వైపు తలెత్తి చూడలేదు. దారి వొంపు తిరిగింది. సందులో మొగలి పాతుకుంది. ఆనాటి నుంచి ఏ తెప్ప ఆలస్యమైనా ఆవిడకి ముద్ద దిగేది కాదు. "నా పాపమేనేమో" అనుకునేది. తెప్ప వచ్చేది. ఇంకోటి ఆలస్యమయ్యేది. మళ్ళీ అదే బెంగ.

మొగలి మనిషెత్తు ఎదిగిన ఏడు తుఫాను వచ్చింది. అప్పటికే మూడు తెప్పలు సముద్రం మీదున్నాయి. ఒకదాని మీద కొర్లయ్య ఉన్నాడు. అల వచ్చి తోటకి తగిలింది, వెనక్కి పోయింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది. ఊళ్ళో ఒక్క గోడ పడలేదు. తెప్పలు మాత్రం రాలేదు.

అసిరమ్మ వానలో వొంపు దగ్గర కూర్చుంది. మొదటి రోజు ఆడవాళ్ళు గంజి తెచ్చారు, తాగలేదు. రెండో రోజు ఎవరూ రాలేదు. రాకపోవడమే ఆవిడని కోసేసింది. మూడో రోజు ఎల్లాజీ వచ్చాడు.

"ఊరిని నిలబెట్టినావు. నేచి ఇంటికి రాయే."

"ఊరు నిలబడింది అన్నా. పిల్లలేరీ?"

తడిసిన ఒళ్ళు, తిండి లేని ఒళ్ళు. పొద్దు వాలకముందే, కూర్చున్నచోటే ఆవిడ ప్రాణం పోయింది.

మర్నాడు మూడు తెప్పలూ వచ్చాయి. గాలికి కొట్టుకుపోయి వాళ్ళు దక్షిణాన ఎక్కడో ఒడ్డెక్కారట. ఒక్కరికీ ఏమీ కాలేదు. సంగతి విన్న కొర్లయ్య ఇంటికి పోలేదు. వొంపు దగ్గర నిలబడి గొంతు చిరిగేలా అరిచాడు.

"అమ్మా, వచ్చీసినాం. అందరం వచ్చీసినాం. నీ పాపమేటీ నేదే అమ్మా."

మూడుసార్లు అరిచాడు. మూడోసారి ఊరంతా గొంతు కలిపింది.

తోట ఇప్పటికీ ఉంది, తాబేళ్ళు ఇప్పటికీ వస్తాయి. వేట నుంచి వచ్చినవాళ్ళు ఇప్పటికీ ఆ వొంపు దగ్గర ఆగి, "అసిరత్తా, వచ్చీసినాం, అందరం వచ్చీసినాం" అని చెప్పాకే ఇంటికి వెళతారు. ఒక్క మనిషి తక్కువైనా ఆ మాట అనకూడదు. ఆ ఒక్కడూ వచ్చేదాకా అందరూ అక్కడే కూర్చుంటారు.