తోడు గిన్నె

ఆ వీధిలో ప్రతి ఇంటి పెరుగూ అవ్వ గిన్నెలోంచి వచ్చిందే. తోడు కావలసినవాళ్లు సాయంత్రం వచ్చి చెంచాడు పట్టుకెళతారు. మర్నాడు కాసిని పాలు పోసి వెళతారు. ఆ పాలను అవ్వ మళ్లీ తోడుపెడుతుంది. అవ్వకు పాడి లేదు, ఆ రాకపోకలే పాడి.

పెద్దింట్లో బారసాల. ముందురోజు కొత్త కోడలు వచ్చి తోడు తీసుకెళ్లింది. తెల్లారేసరికి గంగాళం నిండా పాలు విరిగిపోయి ఉన్నాయి.

పెద్దింటావిడ వీధిలోకొచ్చి నిలబడింది.

"ఏం కలిపావు ముసలీ? చుట్టాలకు నీళ్లు పొయ్యమంటావా?"

"మొన్న మా పెరుగూ పులిసింది," అంది పక్కింటావిడ.

"నీ పెరుగు పులవనిదెప్పుడు?" అన్నారెవరో. అందరూ నవ్వారు. అయినా నింద అవ్వ గుమ్మం ముందే ఉండిపోయింది.

అవ్వ కోడలి వంక చూసింది. ఆ పిల్ల తల దించుకుంది. చేతిమీద కాలిన బొబ్బ. పాలు చల్లారకుండానే తోడేసిందని అవ్వకు అర్థమైంది. చెబితే ఆ పిల్ల ఈ పూటే పుట్టింటి దారి పట్టాలి.

"గిన్నె మళ్లీ తోముకుంటాలే అమ్మా," అంది అవ్వ.

ఆ రోజునుంచి ఎవరూ రాలేదు. పాలూ రాలేదు. అవ్వ గంజిలో ఉప్పే వేసుకుని తాగింది, గిన్నెలో మిగిలిన కాస్తా ముట్టుకోలేదు. పొద్దుటే దేవుడి ముందు దీపం పెట్టి, "నీకు తెలుసుగా, చాలు," అనేది. గిన్నెలో తోడును బతికించమని మాత్రం రోజూ అడిగేది.

ఎండలు ముదిరాయి. తోడుకు బూజు పట్టింది. అవ్వ దాన్ని మొక్క మొదట్లో పోసి, గిన్నె కడిగి, నేరుగా పెద్దింటికి వెళ్లింది.

"కాస్త తోడు పెట్టమ్మా."

"మా ఇంటికే వచ్చావా! మేమిప్పుడు చివరింటి నుంచి తెచ్చుకుంటున్నాం. పెరుగు కత్తితో కొయ్యాలి, తెలుసా?"

"విన్నానమ్మా. అందుకే వచ్చాను."

చివరింటికి ఆ తోడు ఎవరిచ్చారో వీధిలో తెలియనివాళ్లు లేరు.

లోపలినుంచి కోడలు వచ్చింది.

"అత్తయ్యా, ఆ రోజు వేడిపాలల్లో తోడేసింది నేను. అవ్వకు అప్పుడే తెలుసు."

పెద్దింటావిడ కోడలివైపు ఒకసారి, అవ్వవైపు ఒకసారి చూసింది.

"తెలిసి ఇన్ని మాటలు పడ్డావా అవ్వా? ఇప్పుడైనా, ఇది నా తోడేనే అని నా మొహాన అనలేకపోయావా?"

"నాదెక్కడిదమ్మా! మా అత్త ఎవరింట్లోనో అడిగి తెచ్చుకుంది. వాళ్లకెవరిచ్చారో."

పెద్దింటావిడ లోపలికెళ్లి ఆ పూట పాలగిన్నె, పెరుగు, చెంచా తెచ్చి అవ్వ ముందు పెట్టింది. "నీ చేత్తో వెయ్యి," అంది కళ్లు ఒత్తుకుంటూ.

అవ్వ పాలగిన్నెను పక్కనుంచి తాకి చూసింది, గోరువెచ్చగా ఉంది. చెంచా అందుకుని కోడలి చేతిలో పెట్టింది.

"నువ్వు వెయ్యి తల్లీ."