నలభై ఒకటో ‘వద్దు’

హైమవతి గారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు. ముప్పై ఆరేళ్ళుగా కథానాయికలకు గొంతు అరువిచ్చిన మనిషి. సొంత మాట దగ్గరకొచ్చేసరికి మాత్రం మహా పొదుపు. శిష్యురాలెవరైనా ప్రశ్న వేస్తే ఫ్లాస్కులోని వేడినీళ్ళు కప్పులో పోసుకుని, రెండు గుక్కలు తాగి, “రేపు థియేటర్‌కి రా” అంటారు. థియేటర్ అంటే సినిమా ఆడేది కాదు, డబ్బింగ్ చెప్పేది. వెళితే అక్కడ ఏదో ఒకటి జరుగుతుంది. జవాబు అందులోనే ఉంటుంది, ఏరుకోవడం మన పని. ఏరుకునే ఓపిక లేనివాళ్ళు వేరే గురువుల్ని చూసుకున్నారు. ఓపిక ఉన్నవాళ్ళు కూడా అప్పుడప్పుడు జుట్టు పీక్కుంటారు.

కుముద అలా జుట్టు పీక్కుంటూనే ఉండిపోయిన బాపతు. ఆమె అడిగిన ప్రశ్న ఇది: “అమ్మా, ‘వద్దు’ అన్న మాట ఎలా పలికితే ఎదుటివాడికి వద్దు అనే వినిపిస్తుంది?”

వృత్తికి సంబంధించిన సందేహం అనుకుంటారు ఎవరైనా. కాదు. తెనాలిలో ఒకడు రెండేళ్ళపాటు ఆమె వెంటపడ్డాడు. బస్టాపులో, కంప్యూటర్ కోచింగ్ మెట్ల దగ్గర, చివరికి తాతగారి దినం రోజున వాళ్ళ వీధి మొగలో కూడా నిలబడ్డాడు. కుముద మర్యాదగా వద్దంది, కోపంగా వద్దంది, ఏడుస్తూ వద్దంది, అన్నయ్యా అని పిలిచి మరీ వద్దంది. మేనమామ అంతా విని, “నువ్వు గట్టిగా చెప్పి ఉండవు” అని తేల్చేశాడు. స్టేషన్‌లో ఫిర్యాదు రాసుకునే ఆయన పెన్ను పక్కన పెట్టి, “నవ్వుతూ గానీ చెప్పావా అమ్మా?” అని అడిగాడు. అందరూ అదే అడిగేసరికి లోపం తన గొంతులోనే ఉందేమోనని ఆమెకూ అనుమానం పట్టుకుంది. ఊరు మారింది, ఫోన్ నంబర్ మార్చింది, హైదరాబాద్ వచ్చి హైమవతి గారి దగ్గర చేరింది. ఏడాది తిరిగేసరికి ఒక టీవీ సీరియల్‌లో చెల్లెలి పాత్రకు డబ్బింగ్ దొరికింది. పోయిన వారం, ఎలా సంపాదించాడో గానీ, ఆ కొత్త నంబర్‌కే అతని మెసేజ్ వచ్చింది: “సీరియల్‌లో నీ గొంతు గుర్తుపట్టాను. ఎన్ని ఊళ్ళు మారినా నేనంటే నీకిష్టమే. ఆ సంగతి నీకే తెలీదు.” ఆ తర్వాత రోజుకు నాలుగేసి వస్తున్నాయి.

కుముద జవాబు రాస్తోంది. రాసి, పంపకుండా దాచి, మళ్ళీ రాస్తోంది. ఇప్పటికి పదకొండు అయ్యాయి. ఒకటి మరీ మెత్తగా ఉంది, ఆశ పెట్టుకుంటాడు. ఇంకొకటి మరీ కరుకుగా ఉంది, పంతం పడతాడు. ‘దయచేసి’ అన్న మాట ఉంచాలా తీసెయ్యాలా అని ఒక పూటంతా ఆలోచించింది. ఏది పంపాలో తేల్చమని ఫోన్ తీసుకెళ్ళి గురువుగారి చేతిలో పెట్టింది. ఆవిడ పదకొండూ చదివారు. మామూలుగా రెండు గుక్కలు తాగేవారు, ఆ రోజు కప్పు మొత్తం ఖాళీ చేశారు.

“రేపు థియేటర్‌కి రా. హీరోయిన్‌కి నువ్వే చెప్పాలి” అన్నారు.

వేరే రోజైతే ఎగిరి గంతేయాల్సిన మాట. కుముదకు ఒళ్ళు మండింది. నేనడిగిందేమిటి, ఈవిడ చెప్పేదేమిటి అనుకుంటూ ఇంటికి వెళ్ళింది.

థియేటర్ కృష్ణానగర్‌లో, ఒక టైలర్ షాపు పై అంతస్తులో ఉంది. దర్శకుడి పేరు రుత్విక్. ముప్పై రెండేళ్ళు. దుర్మార్గుడేం కాదు, అందరికీ కాఫీ ఎలా కావాలో అడిగి మరీ తెప్పించే రకం. తను తీసినది ‘ఎరోటిక్ థ్రిల్లర్’ అని ఆ రెండు ముక్కలూ నోరారా పలుకుతాడు. కథ పెద్దగా ఏమీ లేదు. హీరో ఒక అమ్మాయిని చూస్తాడు. ఆమె ఎదుటి బిల్డింగులో ఫ్లాటు అద్దెకు తీసుకుని బైనాక్యులర్స్‌లో చూస్తాడు. ఆరేసిన చున్నీ ఎత్తుకుపోతాడు, ఆఫీసుకు వెంటపడతాడు, తాళం దొంగతనంగా చేయించుకుని ఆమె లేనప్పుడు ఆమె మంచం మీద పడుకుని వస్తాడు. ఇంటర్వెల్‌కు ముందు వానలో, పొగలో, ఆమెను గోడకు చేర్చి మెడ మీద వేలితో గీత గీస్తాడు. అప్పుడామె అంటుంది: “దగ్గరికి రావద్దు. నాకిష్టం లేదు. వెళ్ళిపో.” అతను వెళ్ళడు. ఆమె కరిగిపోతుంది. ఆ వెంటనే పడకగదిలో ఏడు నిమిషాల పాట.

ఆ మూడు ముక్కల దగ్గరే బండి ఆగిపోయింది.

కుముద గాజు గదిలో మైకు ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పింది. అవతలి గదిలోంచి రుత్విక్ గొంతు హెడ్‌ఫోన్‌లో వినిపించింది. “చాలా బాగుంది మేడమ్.” ఈ రంగంలో చాలా బాగుంది అంటే పనికిరాదని అర్థం. “కాకపోతే ఇది మరీ వద్దులా ఉంది.”

“డైలాగు వద్దనే కదా సార్?”

“డైలాగు వద్దే. ఫీల్ వద్దు కాదు. కళ్ళు చూడండి, రమ్మంటున్నాయి. గొంతు ఆ కళ్ళ మాట వినాలి. వద్దులో ఓ పావు వంతు ఔను కలపండి, చాలు.”

పాలలో నీళ్ళు కలిపినట్టు కలపమన్నమాట. కుముద కలిపింది. పావు ఎక్కువైందన్నాడు, తగ్గించింది. ఇప్పుడు భయం కనిపిస్తోందన్నాడు, భయం తీసేసింది. అలా తీస్తే పొగరులా ఉందన్నాడు. ‘ఇష్టం లేదు’కు ముందు చిన్న ఊపిరి, ‘వెళ్ళిపో’ చివర పెదవి మీద నవ్వు, ‘వద్దు’ నాలుక మీంచి జారుతున్నట్టు... పన్నెండయ్యాయి, ఇరవయ్యయ్యాయి. రికార్డు చేసే యాకూబ్ ప్రతి టేకుకూ నంబర్ వేసి దాస్తున్నాడు. ఇరవై ఆరు దాటాక అతను తల ఎత్తడం మానేశాడు. వెనక సోఫాలో హైమవతి గారు కళ్ళు మూసుకుని కూర్చున్నారు. నిద్రపోయారో వింటున్నారో తెలీదు. నన్నిక్కడ ఉరేసి ఈవిడ కునుకు తీస్తున్నారా అని కుముదకు ఏడుపు ముంచుకొచ్చింది.

ముప్పై మూడో టేకు రుత్విక్‌కు దాదాపు నచ్చింది. “ఇదిగో, ఇంతే! ఇంకొక్క చుక్క” అంటూ ఆమెకే వినిపించాడు. కుముద విన్నది. తన గొంతే. వెళ్ళిపో అంటూనే ఉండమంటోంది. సీరియల్‌లో నాలుగు మాటలు విని గుర్తుపట్టినవాడు రేపు హాల్లో కూర్చుని దీన్ని వింటాడు. చూశావా, నేను చెప్పలేదూ అనుకుంటాడు. పక్కవాడికి చెప్తాడు కూడా.

ఆ తర్వాత టేకులన్నీ పాడయ్యాయి. నలభయ్యోదాంట్లో గొంతు బొంగురుపోయింది. మధ్యాహ్నం రెండున్నర. రుత్విక్ కుర్చీలో వెనక్కి వాలి, “ప్రాబ్లం ఏంటంటే అమ్మా,” అని సోఫా వైపు తిరిగాడు, “అమ్మాయి వాయిస్ బాగుంది. కానీ ఆ ఆర్టిస్టు కళ్ళలో ఉన్న కోరిక ఈమె గొంతులో రావట్లేదు. మీరైతే ఒక్క టేకులో ఇచ్చేవారు.”

హైమవతి గారు కళ్ళు తెరిచారు. “ఇచ్చేదాన్నే నాయనా. ఆ పావు వంతు కలిపి కలిపే నా ఇల్లు గడిచింది. ఎన్ని వందలసార్లు కలిపానో లెక్క కూడా లేదు.” ఆ మాట ఆవిడ గొప్పగా చెప్పలేదు. ఒంట్లో బాగాలేదని చెప్పుకున్నట్టు చెప్పారు. తర్వాత యాకూబ్‌ను అడిగారు: “భాయ్, ఈ షాట్‌కి పైలట్ ఉందా?”

పైలట్ అంటే షూటింగ్‌లో కెమెరా ముందు నటి నిజంగా అన్న మాటలు. పెదాల కదలిక అందుకోవడానికి డబ్బింగ్ వాళ్ళు ముందు అదే వింటారు. ఈ సీనుకు మాత్రం మూడ్ పాడవుతుందని రుత్విక్ దాన్ని మూయించాడు.

“ఉందమ్మా” అన్నాడు యాకూబ్.

“ఎందుకమ్మా ఇప్పుడు...” అని రుత్విక్ అంటుండగానే హైమవతి గారు, “పిల్లకు కూడా వినబడేట్టు పెట్టు” అన్నారు.

తెర మీద వాన, పొగ, గోడ. ముంబయి నుంచి వచ్చిన కథానాయిక మెడ మీద వేలు కదులుతోంది. సగం మూసిన కళ్ళతో, వణికే పెదాలతో ఆమె అంటోంది: “వన్... టూ, త్రీ. ఫోర్, ఫైవ్. సిక్స్... సెవెన్.”

తెలుగు నోరు తిరగని వాళ్ళ చేత పెదాలు కదిలితే చాలని అంకెలు లెక్కపెట్టించడం మన దగ్గర మామూలే. దాన్నెవరూ వింతగా చూడరు. వింత ఆ తర్వాత ఉంది. పైలట్‌లో “కట్!” అని రుత్విక్ గొంతే వినిపించింది. వెంటనే ఆ అమ్మాయి దగ్గు. దగ్గుతూనే, ఆ పొగ ఆపండి బాబూ, కళ్ళు మండిపోతున్నాయి, అరగంట నుంచి చెప్తున్నాను అని హిందీలో మొత్తుకుంది. దాని మీద మళ్ళీ రుత్విక్ గొంతు, పొంగిపోతూ: “సూపర్ మేడమ్! ఆ కళ్ళు! ఏం లుక్ ఇచ్చారండీ!”

యాకూబ్ నవ్వు ఆపుకోలేక బల్ల కిందికి వంగి ఏదో వెతుక్కున్నాడు. ఇక్కడ మనిషన్నవాడు కాస్త సిగ్గుపడతాడని ఎవరైనా ఎదురుచూస్తారు. కుముదా ఎదురుచూసింది. రుత్విక్ సిగ్గుపడలేదు. పైగా ముఖం వెలిగిపోయింది.

“అదేనమ్మా ఆర్టిస్టు అంటే! నంబర్లు చెప్తున్నా లోపల్నుంచి ఆ ఫీల్ వచ్చేసింది చూడండి. ఆ సంగతి ఆమెకే తెలీదు.”

కుముద చేయి హెడ్‌ఫోన్ మీద ఆగిపోయింది. అదే మాట ఆమె ఫోన్‌లో ఉంది, ‘ఆమెకే’ బదులు ‘నీకే’ అని, అంతే తేడా. ఆ మెసేజ్ పంపినవాడికీ ఈయనకూ ముఖపరిచయం కూడా ఉండదు. ఈయన కాఫీ తెప్పించే మంచి మనిషి. అయినా మాట ఒకటే.

“నలభై ఒకటి మేడమ్. ఆ నవ్వు మర్చిపోవద్దు” అన్నాడు రుత్విక్.

ఎర్ర దీపం వెలిగింది. కుముద తెర చూడలేదు. “దగ్గరికి రావద్దు. నాకిష్టం లేదు. వెళ్ళిపో” అంది. మొదటి టేకులో ఎలా చెప్పిందో అలాగే. బొంగురు గొంతే, ఊపిరి లేదు, నవ్వు లేదు. చెప్పి హెడ్‌ఫోన్ తీసి స్టాండుకు తగిలించింది.

“మేడమ్, మళ్ళీ అదే ఇచ్చారు!”

తలుపు తెరుచుకుని ఇవతలికొచ్చి ఆమె అంది: “నా దగ్గరున్నది అదొక్కటే సార్. ముప్పై మూడోది మాత్రం చెరిపేయండి. అది నేను ఒప్పుకోను.”

“అలా అంటే ఎలా? నేను వేరేవాళ్ళని పిలిపించుకోవాల్సి వస్తుంది.”

“పిలిపించుకోండి.”

రుత్విక్ నోరెళ్ళబెట్టి హైమవతి గారి వైపు చూశాడు. ఆవిడ అప్పటికే ఫ్లాస్కు మూత బిగించి లేచారు. “చెరిపెయ్ భాయ్” అన్నారు యాకూబ్‌తో. అతను రుత్విక్‌ను అడగకుండానే చెరిపేశాడు.

ఇద్దరూ మెట్ల మీదికి వచ్చారు. మొదటిసారి కథానాయికకు చెప్పే అవకాశం, మధ్యాహ్నానికల్లా పోయింది. కుముద అక్కడే కూలబడింది. ఫోన్ తీసి ఆ పదకొండు జవాబులూ తెరిచి, విసుగూ ఏడుపూ కలిసిన గొంతుతో అడిగింది: “ఇప్పుడైనా చెప్పండమ్మా. వీటిలో ఏది పంపను?”

హైమవతి గారు ఒక మెట్టు కింద నిలబడి అడిగారు. “ఆ బొంబాయి పిల్ల ఎంతదాకా లెక్కపెట్టింది?”

“ఏడు.”

“ఆయనకేం వినబడింది?”

కుముద తను రాసుకున్నవన్నీ ఒక్కొక్కటిగా తీసేసింది. అతను పంపినవి మాత్రం ఒక్కటీ తియ్యలేదు, అన్నీ తేదీలతో సహా ఫొటోలు తీసి దాచింది. ముఖం తుడుచుకుని లేచింది.

“నాతో స్టేషన్‌కి వస్తారా అమ్మా?”

“పద.”

రెండు మెట్లు దిగి మళ్ళీ ఆగింది. “అక్కడ మళ్ళీ అదే అడుగుతారు. నువ్వు సరిగ్గా చెప్పావా, ఎలా చెప్పావు, ఏదీ ఒకసారి చెప్పు అని.”

“అడగనీ” అన్నారు హైమవతి గారు. “ఏడు దాకా లెక్కపెట్టి చూపించు.”