పాత కార్డుకి కొత్త తెర

భువనమ్మగారు ఏ ప్రశ్నకీ నేరుగా జవాబు చెప్పిన పాపాన పోలేదు. ఏదైనా అడిగితే పని పురమాయిస్తారు. ఆలాపనలో తొందర ఎందుకు పనికిరాదని నేనొకసారి అడిగితే, వంటింట్లోకి వెళ్ళి పెసరట్టు వెయ్యమన్నారు. మాడ్చుకుని, మాడిందే తిని, నోరు మూసుకున్నాను. కాకినాడలో ఆవిడ దగ్గర సంగీతం నేర్చుకున్న వాళ్ళందరికీ ఇలాంటి ముచ్చట ఒకటైనా ఉంటుంది. కమలాకరానికి జరిగింది మాత్రం నవ్వుతూ చెప్పుకునేది కాదు.

కమలాకరం మా అందరిలోకీ దిట్ట. పగలు కంప్యూటర్ల ఉద్యోగం, సాయంత్రం సంగీతం. అతని విద్య చూసి భువనమ్మగారు మొట్టమొదటిసారిగా ఒక శిష్యురాలిని అప్పజెప్పారు. ఆవిడ పేరు కనకరత్నం, బట్టలు కుట్టే మనిషి, యాభయ్యో పడిలో ఉంది. పిల్లలు స్థిరపడ్డారు, ఇన్నాళ్ళకి కాస్త ఊపిరి పీల్చుకునే వీలు చిక్కింది. నలుగురిలో కూర్చుని ఒక్క పాటైనా తప్పు లేకుండా పాడాలని ఆవిడ కోరిక. అంతకు మించి ఆవిడ ఏమీ అడగలేదు. మనవాడు మొదటి పాఠాలైన సరళీస్వరాలు పైపైన అయ్యాయనిపించి, నెల తిరక్కుండా, ఏళ్ళ సాధన కావలసిన పెద్ద వర్ణం ఎత్తుకున్నాడు. అదీ మూడు కాలాల్లో, ఒకదాన్ని మించి ఒకటి వేగంగా. పాపం, ఆవిడ కొన్నాళ్ళు తంటాలు పడి రావడం మానేసింది.

"నా దగ్గరున్న వాటిలో మంచిదే ఇచ్చానండీ అమ్మగారూ, ఏదీ దాచుకోలేదు. ఆవిడ అందుకోలేకపోతే తప్పెవరిదండీ?" అని అడిగాడు కమలాకరం. ఆ గొంతులో బాధ కంటే రోషమే ఎక్కువ వినిపించింది.

భువనమ్మగారు తమలపాకు ఈనె తీస్తూ విన్నారు. "మా మైథిలి కంప్యూటరు తెర గీతలు పడి పాడైందట. ఆటలాడుకోడానికి మంచిది కావాలంటోంది. నీకు వాటి సంగతి బాగా తెలుసుగా, చూసి తెచ్చిపెట్టు నాయనా," అన్నారు. ఆయనగారు అడిగిన ప్రశ్నకి అదీ సమాధానం.

మైథిలి ఆవిడ మనవరాలు, అమ్మమ్మ దగ్గరే ఉంటుంది. చదువైపోయి కొత్తగా ఉద్యోగంలో చేరింది. భాగాలు ఒక్కొక్కటే సమకూర్చుకుని తన కంప్యూటరు తనే బిగించుకుంది. ఆటలో బొమ్మలన్నీ గీసి తెరకి అందించే గ్రాఫిక్స్ కార్డు మాత్రం ఎవరో వాడి వదిలేసింది, ఏళ్ళ కిందటిది. అయినా ఆ పిల్లకి అదంటే ప్రాణం. పెట్టెకి ఒక పక్క అద్దం పెట్టించి, లోపల ఆ కార్డు కనబడేలా రంగు దీపాలు కూడా అమర్చుకుంది. పాత తెర మీద తన ఆటలు హాయిగానే సాగేవి.

కమలాకరం గురువుగారింటికి ఆషామాషీ వస్తువు తీసుకెళతాడా? బజారంతా జల్లెడ పట్టి, ఉన్నవాటిలో పెద్దది, బొమ్మ చుక్కలు మరీ దట్టంగా ఉండే ఫోర్‌కే మానిటరు, మహా వేగం గలది ఎంచాడు. ఏ కార్డు వాడుతున్నావమ్మా అని మైథిలికి ఒక్క ఫోను చెయ్యాలని మాత్రం ఆ మహానుభావుడికి తోచలేదు. ఆదివారం పొద్దున్నే దాన్ని మోసుకొచ్చి, బల్ల మీద బిగించాడు. కొత్త తెర చూద్దామని మైథిలి ఆఫీసు స్నేహితులు ఇద్దరు ముందే వచ్చి కూర్చున్నారు. ఆ పిల్ల ముఖం వెలిగిపోతోంది.

కార్ల పందెం ఆట పెట్టింది. కారు కదిలింది, ఆగింది, ఒక్కసారిగా మలుపు దాటి గోడకి గుద్దుకుంది. ఆ తెరని నింపాలంటే పాత తెరకి గీసిన దానికి నాలుగింతలు గీసి ఇవ్వాలి. కార్డు ఎక్కణ్ణించి తెస్తుంది? పెట్టెలో ఫ్యాన్లు హోరెత్తాయి. కమలాకరం బొమ్మ నాణ్యత తగ్గించి చూశాడు, చెట్లన్నీ మట్టిముద్దల్లా అయ్యాయి. చుక్కలు తగ్గించి చూశాడు, అంత పెద్ద తెర మీద బొమ్మంతా అలుక్కుపోయింది. "ఎడ్లబండి నయమే," అని స్నేహితుల్లో ఒకడు నవ్వాడు. వాడు సరదాకే అన్నాడు.

"తెరలో లోపమేం లేదు. కార్డు పాతదమ్మా, లాగలేకపోతోంది," అన్నాడు కమలాకరం అందరి ముందూ.

మైథిలి లేచి వెళ్ళి రంగు దీపాలు ఆర్పేసింది. అద్దం గోడ వైపుకి వచ్చేలా పెట్టెని తిప్పేసి, "సారీ అన్నయ్యా. మీరు ఇంత మంచిది తెచ్చారు. నా దగ్గరున్నదే దీనికి తగింది కాదు," అంది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

కమలాకరానికి చెంప మీద కొట్టినట్టయింది. ఈ మాటే అంతకు ముందు ఒకసారి విన్నాడు. కనకరత్నం ఆఖరి రోజున శ్రుతిపెట్టె కట్టేసి, "మీరు బాగానే చెబుతున్నారు మాస్టారూ. నా గొంతే పనికిమాలింది," అని దణ్ణం పెట్టి వెళ్ళింది. తనకంటే అంత పెద్దావిడ. ఆ దణ్ణం ఇతను దర్జాగా పుచ్చుకున్నాడు. అమ్మగారి ముందు ఫిర్యాదు చేసినప్పుడు ఈ ముక్క ఎందుకు మింగేశాడో అతనికే తెలియాలి. "సిగ్గుతో చచ్చిపోయానురా. ఏ తప్పూ చెయ్యనివాళ్ళు ఇద్దరు నాకు క్షమాపణ చెప్పారు," అన్నాడు తరవాత నాతో. నేను ఓదార్చలేదు. ఓదార్చే విషయమా అది?

స్నేహితులు వెళ్ళిపోయాక అతను మైథిలి పక్కన నేల మీద కూర్చుని, ఏ ఆటలు ఆడతావు, పాత తెర మీద ఎలా సాగేవి, ఎక్కడ తడబడేవి అని ఒక్కొక్కటే అడిగాడు. ఆ పిల్ల మొదట ముక్తసరిగా, తరవాత ఉత్సాహంగా చెప్పుకొచ్చింది. ఆ కార్డు చేత ఎలాంటి ఆటలు ఆడించిందో చెబుతుంటే ముఖం మళ్ళీ తేటపడింది. మధ్యాహ్నం అతను కొట్టుకి వెళ్ళి, ఆ పెద్దది ఇచ్చేసి, పాతదాని కొలతే ఉన్న మామూలు మానిటరు తెచ్చాడు. అందులో ఒక సదుపాయం ఉంది. కార్డు బొమ్మ గీసి ఇచ్చేదాకా తెర ఆగుతుంది, అందగానే చూపిస్తుంది, తొందరపెట్టదు. కారు మలుపులన్నీ తిన్నగా తిరిగింది. మైథిలి ఆటలో పడిపోయింది.

కమలాకరం వసారాలోకి వచ్చి భువనమ్మగారి ముందు తల వంచుకుని నిలబడ్డాడు. మింగేసిన ముక్క అప్పుడు చెప్పాడు, కనకరత్నం ఏమని వెళ్ళిందో, తను ఏమీ అనకుండా ఎలా పంపేశాడో. "తప్పు నాదేనండీ అమ్మగారూ. రేపే వాళ్ళింటికి వెళ్ళి క్షమించమని అడుగుతాను," అన్నాడు.

"నువ్వు అడిగితే ఆవిడ ఇంకా ముడుచుకుపోతుంది," అన్నారు భువనమ్మగారు. అతని ముఖంలోకి చూశారు. "అది సరే గానీ కమలాకరం, ఆవిడ కుట్టుమిషను తొక్కుతూ తనలో తను ఏం పాడుకుంటుందో, ఎప్పుడైనా విన్నావా?"