నిండుకున్న పూట

చెంచురామయ్యకు ఐదువందల మందికి వండడం వచ్చు. ఇద్దరికి వండడం రాదు. ఈ సంగతి ఆయనకు యాభై రెండో ఏట, ఒక ఉగాదినాడు తెలిసింది.

ఉదయగిరి కొండల వైపు పెళ్ళంటే వంటమేస్త్రీ చెంచురామయ్యే. ముప్పై ఏళ్ళు గాడిపొయ్యిల ముందు నిలబడ్డాడు. "నా పందిట్లో ఒక్కనాడన్నా ‘నిండుకుంది’ అన్న మాట వినపడిందేమో అడగండి" అని మీసం దువ్వేవాడు. నిజమే, వినపడలేదు. వంటింట్లో ‘అయిపోయింది’ అనకూడదు గనక నిండుకుంది అంటాం గానీ, ఎట్లా అన్నా వంటవాడికి పరువు తక్కువే. మిగిలింది ఏమయ్యేదో మాత్రం ఆయన ఏనాడూ చూడలేదు. చివరి బంతి లేచేసరికి గరిటె భుజాన వేసుకుని ఇంకో ఊరి బస్సెక్కేవాడు.

భార్య పోయాక ఆ గరిటె అటక మీద పడేసి, కొండ మీద మాణిక్యమ్మగారి ఆశ్రమంలో చేరాడు. ఆశ్రమమంటే రెండు పాకలూ ఒక బావీ. రెండేళ్ళుగా నీళ్ళు తోడుతున్నాడు, వాకిలి ఊడుస్తున్నాడు, ఉపదేశం కోసం ఎదురుచూస్తున్నాడు. అమ్మ ఆ ఊసే ఎత్తేది కాదు.

ఆ ఏడు ఉగాదికి మిగతా శిష్యులంతా ఊళ్ళకు వెళ్ళారు. ముందురోజు అమ్మ పిలిచింది.

"రేపు మనిద్దరమే అబ్బయ్యా. పండగ వంట నువ్వే చెయ్యి. ఇద్దరికీ సోలెడు బియ్యం చాలు. వండింది నిండుకున్న పూట వచ్చి నా ముందు కూర్చో. చెవిలో చెప్పాల్సింది చెపుతా."

చెంచురామయ్య కాళ్ళు నేల మీద నిలవలేదు. రేపు మధ్యాహ్నానికే ఉపదేశం. బొబ్బట్లు, గారెలు, పులిహోర, మామిడికాయ పప్పు అని వేళ్ళు మడుస్తూ పాక చుట్టూ తిరిగాడు. వేళ్ళు చాలక మళ్ళీ మొదలుపెట్టాడు.

తెల్లారగట్లే పొయ్యి రాజేశాడు. సోలతో బియ్యం కొలిచాడు. గిన్నెలో ఆ బియ్యాన్ని చూస్తే ఆయనకే సిగ్గేసింది. పండగపూట ఇదేం వంట, ఎవరైనా వస్తే? ఇంకో సోలెడు పోశాడు. చేతికి ఊపొచ్చాక సోల పక్కన పెట్టి, దానికి నాలుగింతలు పట్టే మానిక అందుకున్నాడు. పులిహోరకు వేరే మానికెడు. శనగపప్పు ఉడికించి నీళ్ళు వంపబోతుంటే అమ్మ వచ్చి కింద గిన్నె పెట్టింది.

"పారబోసేదే కదమ్మా."

"చారుకి" అని వెళ్ళిపోయింది.

ఉగాది పచ్చడి నాలుక్కి రాసుకుని ఇద్దరూ విస్తళ్ళ ముందు కూర్చున్నారు. అమ్మ ఒక బొబ్బట్టు, రెండు గారెలు, పిడికెడు పులిహోర, ఆ పప్పుకట్టు చారుతో నాలుగు ముద్దలూ తిని, "బాగా కుదిరింది" అంది. చెంచురామయ్య ఉపదేశం కోసం తిన్నాడు. మొలతాడు వదులు చేసుకుని మరీ తిన్నాడు. లేచి చూస్తే గిన్నెలు నవ్వుతున్నాయి.

"అమ్మా, కింద ఊళ్ళో పంచేసి వస్తా."

"పండగపూట ఎవరింట వాళ్ళకుంటుంది. ఇద్దరికని వండావు, ఇద్దరమే తిందాం."

ముప్పై ఏళ్ళు ఏ మాట వినపడకూడదని వండాడో, ఇప్పుడా మాట కోసమే కాచుకుని కూర్చోవలసి వచ్చింది.

సాయంత్రం గారెలు పెరుగులో వేశాడు. మర్నాడు పొద్దున మిగిలిన పూర్ణంతో బూరెలు వండాడు. పులిహోరను మళ్ళీ పోపులో వేయించి వేరుశనగ్గుళ్ళు చల్లాడు. నిన్నటికన్నా బాగుందని అమ్మ రెండోసారి అడిగి వేయించుకుంది. పెళ్ళిళ్ళలో ఆయనను ఎవరూ రెండో రోజు మెచ్చుకోలేదు, రెండో రోజు ఆయన అక్కడ ఉంటేగా. కడుపు నిండా సంతోషమేసింది. ఒక్కో గిన్నే ఖాళీ అవుతుంటే ఆత్రం ఇంకా పెరిగింది.

మూడోరోజు పొద్దుటికి ఒక్క కుండే మిగిలింది. నీళ్ళు పోసి ఉంచిన తెల్లన్నం, కాస్త పులిసింది. ఆయనకిక ఓపిక లేదు. కుండెత్తుకుని పాక వెనక ఎరువు గుంట దగ్గరికి నడిచాడు. అరుగు మీద చింతపండు గింజలు తీస్తున్న అమ్మ తలెత్తలేదు.

కుండ వంచితే చాలు. ‘నిండుకుందమ్మా’ అన్న మాట నోట్లో సిద్ధంగా ఉంది. వంచబోతూ అలవాటు కొద్దీ చెయ్యి పెట్టి చూశాడు, ఎంతమందికి వస్తుందో అని.

ఆ పులుపు వాసన ముక్కుకు తగిలింది. వాళ్ళింటి వంటింట్లో ఎప్పుడూ ఉండే వాసన అది. తను ఊరూరా పంక్తి భోజనాలు పెట్టించే రోజుల్లో అక్కడ భార్య ఒక్కతే ఇది తినేది. తినగా మిగిలింది ఎండలో వడియాలు పెట్టేది. తను ఇల్లు చేరిన రోజున వేయించి విస్తట్లో వేసేది. కరకరలాడుతున్నాయనేవాడే గానీ అవి దేనితో చేసిందో ఒక్కసారైనా అడగలేదు. చెంచురామయ్యకు గుంట గట్టున నిలబడే ఏడుపొచ్చింది.

తరవాత ఒక్క పరుగున పాకలోకి వచ్చాడు. అన్నం వార్చి మెత్తగా పిసికాడు. ఉప్పు, జీలకర్ర, నూరిన పచ్చిమిరపకాయలు కలిపాడు. పాత పంచె తడిపి ఎండలో పరిచి వడియాలు పెట్టడం మొదలుపెట్టాడు. మొదటి వరస వంకర పోయింది. రెండోది కుదిరింది. మూడో వరసకు కూనిరాగం కూడా వచ్చింది. పొద్దు నడినెత్తికెక్కినా ఆయనకు తెలియలేదు.

నీడ పడితే తలెత్తాడు. అమ్మ.

"వచ్చే ఉగాది దాకా వస్తాయమ్మా" అన్నాడు ముఖమంతా నవ్వుతో. అన్నాకగానీ తనేం అన్నాడో తోచలేదు, ఏడాది దాకా నిండుకోదని. తోచినా ఆ నవ్వు పోలేదు. చివరి ముద్ద కూడా పెట్టేసి ఖాళీ కుండ బోర్లించాడు.

అమ్మ ఆ పంచె అంచున చతికిలబడి, రమ్మని సైగ చేసింది.

ఆయనకు అర్థం కావడానికి క్షణం పట్టింది. రెండు చేతుల నిండా మోచేతుల దాకా అన్నమే. గబగబా లేచాడు. "చేతులు కడుక్కుని వస్తానమ్మా."

"వద్దులే. అట్టాగే కూర్చో" అని, అమ్మ ఆయన చెవి దగ్గరికి వంగింది.